మైకులో కాకి

నా ఉద్యోగానికి కాగితం మీద పెద్ద పేరే ఉంది కానీ, చేసేది మాత్రం పిట్టలు తోలడం. చేలో మంచె మీద నిలబడి పిట్టలు తోలేవాళ్లకీ నాకూ తేడా ఒక్కటే, నాకు జీపు ఉంది. జీపు పైకప్పు మీద మైకు, ఒళ్లో టపాకాయల పిస్తోలు, చెవి దగ్గర వాకీటాకీ. అందరూ నన్ను కాకమ్మ అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఇంకెవరినో అనుకుని తిరిగి చూడను.

మాది విమానం నడపడం నేర్పే చిన్న మైదానం. ఒకటే రన్‌వే. దాని పక్కన టవరు, టవర్లో నా మరిది. విమానాలకు లేవమనీ దిగమనీ చెప్పేది అతనే. మా ఆయన పోయాక నన్ను ఈ పనిలో పెట్టించిందీ, నా కూతురు బుల్లిని ఇక్కడే పైలట్ చదువులో చేర్పించిందీ కూడా అతనే. "దాని పిచ్చి నీకు తెలీదు వదినా, నేల మీద ఉంచితే బతకదది" అన్నాడు. నాకు తెలియకేం? చిన్నప్పుడు జీపులో నా పక్కన కూర్చుని, గద్దల్ని చూస్తూ నోట్లో ముద్ద నమలడం మరిచిపోయేది.

ఆ గద్దల్నీ, కాకుల్నీ నేనూ చూశాను. కానీ అది చూసింది వేరు, నేను చూసింది వేరు. దిగేముందు కాకి తోక విప్పి, రెక్కలు వంచి, గాలికి ఎదురు తిరుగుతుంది. విమానమూ అంతే, రెక్కల వెనక అంచులు కిందికి దించుకుని ఎదురుగాలిలోనే దిగుతుంది. "చూశావా అమ్మా, రెండూ ఒకటే" అనేది బుల్లి. ఒకటెలా అవుతాయే అని నేను విరుచుకుపడేదాన్ని. దిగబోయే కాకి మనసు మార్చుకుంటే ఒక్కసారి రెక్క విదిలిస్తే చాలు. మీ విమానం మనసు మార్చుకోవాలంటే ముందు ఇంజను ఒప్పుకోవాలి. గద్ద ఎదురుగాలిలో ఉన్నచోటే నిలబడగలదు, విమానం నిలబడితే రాయి. పక్షికి ఒళ్లంతా ఎగరడమే. మనిషి రేకు డబ్బాలో కూర్చుని తానే ఎగురుతున్నానని మురిసిపోతాడు. ఇదంతా చెబితే "నీవన్నీ కాకమ్మ కబుర్లు" అని పకపకా నవ్వేది. అంత మంటలోనూ ముద్దొచ్చేది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

ఆ రోజు పొద్దున్న అది మొదటిసారి పక్కన గురువు లేకుండా ఎగరాలి. లేచి, మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, దిగడం. అంతే.

"ఇవాళ మన బుల్లి ఏకాకి వదినా" అన్నాడు మరిది వాకీటాకీలో.

"శుభమా అని బయల్దేరుతుంటే ఏకాకి ఏంటయ్యా? అయినా కాకి ఎప్పుడైనా ఒంటరిగా ఉండగా చూశావా?"

"అబ్బ, నా మాటకి వంకలు తర్వాత పెడుదువు గానీ, ముందు రన్‌వే చూడు."

రన్‌వే బాగానే ఉంది. దాని పక్క గడ్డే బాగాలేదు. ముందురోజు గడ్డి కోశారు. కోసినచోట పురుగులు పైకొచ్చాయి, పురుగుల కోసం కాకులొచ్చాయి. బుల్లి గాల్లోకి లేచినప్పుడు నాలుగైదే ఉన్నాయి. అది చుట్టు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చేసరికి గడ్డి నల్లబడింది. పిస్తోలు పేల్చాను. లేచి, కాస్త దూరం ఎగిరి, మళ్లీ వాలాయి. ఇంకోటి పేల్చాను. ఈసారి లేవను కూడా లేదు. అన్నీ నన్ను ఎరిగినవే, నా పిస్తోలుతో ఏమీ కాదని తెలిసినవే.

మైకు కొత్తగా వచ్చింది. అందులో ఒక్కో పిట్టకీ ఒక్కో మీట ఉంది. మీట నొక్కితే, ఆ జాతి పిట్ట ఎవరి గుప్పిట్లోనో చిక్కి ఏడ్చే ఏడుపు వినిపిస్తుంది. అది విని మిగతావి ప్రాణభయంతో పారిపోతాయి. గోరింకలు పారిపోయాయి, కొంగలు పారిపోయాయి, నా కళ్లతో చూశాను. కాకి మీట నొక్కే అవసరం మాత్రం అంతవరకూ పడలేదు. ఎదురుగా బుల్లి విమానం పెద్దదవుతోంది. చక్రాలు కనిపిస్తున్నాయి. నొక్కాను.

అది మామూలు కావు కావు కాదు. గొంతు పిసుకుతుంటే వచ్చే అరుపు. గడ్డి మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. అమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా విడవకముందే వెనక చెట్ల మీంచి ఇంకొన్ని లేచాయి. షెడ్ల కప్పుల మీంచి ఇంకొన్ని. అవి పారిపోవడం లేదు, వస్తున్నాయి. ఏడుస్తున్న తమ కాకిని విడిపించుకోవడానికి నా మైకు మీదికి వస్తున్నాయి. గోరింక ఏడిస్తే గోరింకలు పారిపోతాయి, కాకి ఏడిస్తే కాకులు వస్తాయి. ఇన్నేళ్లు కాకుల మధ్య బతికి, కాకమ్మా అని పిలిపించుకుని, ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు.

మీట ఆపేశాను. నేను ఆపితే అవి ఆపుతాయా? నా జీపు రన్‌వే అంచునే ఉంది. దాని పైనా రన్‌వే పైనా గిరగిరా తిరుగుతూ ఒకటే గోల.

"బుల్లీ, దిగొద్దు! పైకి లేవు, పైకి లేవు!" మరిది కేక పెట్టాడు.

ఇంజను హోరు పెరిగింది. విమానం ముక్కు ఎత్తింది. అదే కాకి అయితే పక్కకు తప్పుకునేది. ఇది నేరుగా ఆ గుంపులోంచే వెళ్లింది. టప్పుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. ఏదో పెద్ద శబ్దం వస్తుందనుకున్నాను కానీ, అవి తలుపు తట్టినంత చిన్న చప్పుళ్లు.

"బాబాయ్... అద్దం పగిలింది. పెంకులు కళ్లల్లో పడ్డాయి. సరిగ్గా కనబడట్లేదు బాబాయ్. ఇంజను కొట్టుకుంటోంది."

వాకీటాకీలో బుల్లి గొంతు. మరిది ముందు గాల్లో ఉన్న మిగతా పిల్లలతో మాట్లాడాడు. "అందరూ దూరం పోండి. ఎవరూ ఇటు రావద్దు, నేను పిలిచేదాకా ఎవరూ నోరెత్తొద్దు." విమానాల పద్ధతి అది. ఒకటి ఆపదలో పడితే మిగతావన్నీ ఆకాశం ఖాళీ చేసి తప్పుకోవాలి. వాటికి సాయం చెయ్యడమంటే దూరం పోవడమే.

"బుల్లీ, పక్క కిటికీలోంచి చూడమ్మా. ఒక కంటితోనైనా రన్‌వే కనిపిస్తోందా? దగ్గర్లోనే తిరిగి వచ్చెయ్. వచ్చి దిగిపోవడమే, మళ్లీ లేవడానికి ఆ ఇంజను రాదు." తర్వాత గొంతు మారింది. "వదినా, ఆ కాకుల్ని ఏదో ఒకటి చెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా."

నేనేం చెయ్యను? పిస్తోలు పేల్చాను, జీపు వాటి మధ్యకు తోలాను, హారన్ కొట్టాను. చచ్చినవి రెండు రన్‌వే మీద పడి ఉన్నాయి. మిగతావి వాటిని వదిలి కదలడం లేదు. చచ్చినవాటి మీదే ఇంత ప్రేమ ఉంటే, బతికి ఏడుస్తున్నదాని వెనక రాకుండా ఉంటాయా అనిపించింది. అది ఆలోచన కూడా కాదు. గతిలేనితనం. మళ్లీ అదే మీట నొక్కాను. నొక్కి పట్టి, రన్‌వేకి వీపు తిప్పి, పాత విమానాల రేకులు పడేసే మూలకి జీపు పరిగెత్తించాను.

వచ్చాయి. గుంపుకి గుంపు నా వెనకే వచ్చింది. అద్దాల్ని కొడుతూ, పైకప్పును పొడుస్తూ. అక్కడ నా కూతురు గుడ్డిగా దిగుతోంది, ఇక్కడ నేను దానికి దూరంగా పోతున్నాను. మైకు అరుపులో వాకీటాకీ ఒక్క ముక్క వినిపించడం లేదు. వెనక చూసే అద్దం నిండా రెక్కలే. "రండి, రండే! దాన్ని వదలండి, నా మీదికి రండి!" అని ఆ దారంతా అరిచాను. మైకుతో పోటీ పడి అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు.

మూలకు చేరి ఆగాను. వేలు మీట మీదే ఉంది. ఆపితే కాకులు వెనక్కి పోతాయి. ఆపితే వాకీటాకీ వినిపిస్తుంది. మొదట్లో కాకుల భయంతో నొక్కి పట్టుకున్నాను. కాసేపటికి వాకీటాకీ భయమే మిగిలింది. వినకపోతే అది ఇంకా గాల్లోనే ఉంటుంది, బతికే ఉంటుంది. బ్యాటరీ చచ్చేదాకా అలాగే కూర్చోవాలనిపించింది. దేవుడా అనడానికి కూడా ధైర్యం చాలలేదు.

అప్పుడు రెక్కల సందులోంచి మరిది కనిపించాడు. పరిగెత్తి వస్తున్నాడు. డ్యూటీలో ఉండగా ప్రాణం పోయినా టవరు దిగని మనిషి. దిగాడంటే ఇంక చెప్పేదేముంది? నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అతను తలుపు లాగి, నా వేలు ఊడదీసి, మీట ఆపాడు.

"దిగింది వదినా. రేడియో గురువుగారికి అప్పజెప్పి వచ్చాను. చక్రం విరిగింది, పక్కకి ఒరిగింది, కానీ దిగింది. బతికే ఉంది. కళ్ల సంగతే... అంబులెన్సులో వచ్చిన డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనంటున్నాడు." మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. "దిగేముందు పక్క కిటికీలోంచి నీ జీపు చూసింది. అమ్మ అటు వెళ్లిపోతోందేంటి బాబాయ్ అంది. మళ్లీ మళ్లీ అదే అడిగింది. నేను దిగమని చెప్పడమే గానీ, దానికి జవాబు చెప్పలేకపోయాను."

నువ్వు చెప్పాల్సింది కదయ్యా అనబోయాను. మాట రాలేదు.

అంబులెన్సు దగ్గరికి ఎలా చేరానో తెలియదు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. కళ్లకు కట్టు కట్టారు. జుట్టులో గాజు పెంకులు మెరుస్తున్నాయి. డాక్టరు నన్ను తల వైపు రానివ్వలేదు. కాళ్ల దగ్గర నిలబడి, దాని బూట్లు రెండూ గుండెకి అదుముకున్నాను.

"అమ్మేది? ఇంకా రాలేదా?" అంది బుల్లి.

"ఇదిగోనమ్మా, నీ కాళ్ల దగ్గరే ఉంది" అన్నాడు మరిది.

నోరు తెరిచాను. బుల్లీ అందామని, ఇక్కడే ఉన్నానే అందామని. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అరిచీ అరిచీ ఉన్న గొంతంతా ఆ దారిలోనే పోయింది. మళ్లీ ప్రయత్నించాను. బుల్లి తల కొంచెం పైకెత్తి చెవి ఒగ్గి విన్నది.

"మరి మాట్లాడదేం బాబాయ్?" అంది.