అత్తయ్య తలపు

పొద్దున్నే చెంచాల డబ్బా తెరిస్తే చాలు, అత్తయ్య ఎవరిని తలుచుకుంటోందో కోడలికి తెలిసిపోయేది. ఇంట్లో ఉన్న ఇనుమంతా ఆ మనిషి వైపు తిరిగి ఉండేది. కొడుకు ఊరెళ్తే గరిటెలు స్టేషన్ వైపు చూసేవి. వాటిని సర్దుకుని ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

కోడలు పరిశోధనా ఇంజినీరు. వజ్రపు ముక్క మీద పచ్చటి లేజరు వేసి, మనిషిని ముట్టుకోకుండానే గుండెలోని అయస్కాంతపు అలికిడిని కొలిచే క్వాంటం సెన్సరు ఆమెది. అంత సున్నితమైన దానికి అత్తయ్య తలపు పెద్ద తలనొప్పి. రోజూ మధ్యాహ్నం తెరమీద గీత వణికేది. ఆ వేళకి చెంచాలన్నీ ల్యాబు వైపే తిరుగుతాయని ఇంటినుంచి భర్త కూడా చెప్పాడు. కోడలు తిన్నదో లేదోనని పెద్దావిడ బెంగ, ఇంకేముంటుంది అనుకున్నారందరూ. తన కుర్చీ వైపు వచ్చే ఆ లాగుడుని లెక్కగట్టి తీసేసే ప్రోగ్రాము కోడలే రాసింది. అయినా గీత కుదుటపడలేదు. ఇవాళ పరీక్షకులు వస్తున్నారు. గుండె కనిపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి బతిమాలింది. "అత్తయ్యా, ఇవాళ ఒక్క మధ్యాహ్నం నన్ను తలుచుకోకండి."

"మధ్యాహ్నం నాకు నువ్వెందుకు గుర్తొస్తావమ్మా?" అంది అత్తయ్య ఆశ్చర్యంగా.

హడావిడిలో ఆ మాట కోడలి చెవికెక్కలేదు.

కొలతలకి రోజూ తన గుండె అరువిచ్చేది వాళ్ళ కింది ఇంటి టైలరు మాస్టారు. ఒంటరి మనిషి, బహు నిదానస్తుడు. బల్లమీద కదలకుండా పడుకోవడంలో ఆయన్ని కొట్టేవాళ్ళు లేరు. కాకపోతే కాలరుకి గుచ్చిన సూదులు మర్చిపోయి వస్తారు. ఆ గదిలోకి ఇనుము రాకూడదు గనక రోజూ ఏరాల్సిందే. ఇవాళా ఏరి పడుకోబెట్టింది. పరీక్షకులు కూర్చున్నారు. గీత వణికింది.

కోడలికి ముచ్చెమటలు పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది పొద్దుటి మాట. తను కాకపోతే మరెవరు? లెక్కలో తన కుర్చీ దిక్కు తీసేసి బల్ల దిక్కు పెట్టింది. వణుకు మాయమై, మాస్టారి గుండె తెరమీద స్పష్టంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆమెకి నవ్వాగలేదు. ఊడని గుండీలు కుట్టించుకోవడానికి అత్తయ్య మాటిమాటికీ కిందికెందుకు దిగుతోందో ఇప్పుడర్థమైంది. మామయ్య పోయాక ఆవిడ ఒక్కర్తే అయిపోయిందని ఇన్నాళ్ళూ పడ్డ దిగులు తీరింది.

బల్ల దగ్గరికెళ్ళి వంగి, ఆయనకి మాత్రమే వినపడేలా చెప్పింది. "మాస్టారూ, రోజూ ఈ వేళకి మా అత్తయ్య మిమ్మల్నే తలుచుకుంటున్నారు."

ఆయన కదల్లేదు. తెరమీద గీత మాత్రం ఎగిరి గంతేసింది. పరీక్షకులు కళ్ళజోళ్ళు సర్దుకుని, యంత్రం భలే పట్టుకుంటోందని మెచ్చుకున్నారు. ప్రాజెక్టు కొనసాగించమన్నారు.

ఇక లేవచ్చని కోడలు చెప్పింది. మాస్టారు పైకప్పు వైపే చూస్తూ అడిగారు, "సాయంత్రం ఆవిడ ఇంట్లోనే ఉంటారా?"