మూడో రీలులో ఏముంది

నేను దక్షిణాఫ్రికాలో, టోంగాట్‌లోని చక్కెర మిల్లు ల్యాబ్‌లో చేరిన రెండో వారంలో డెన్నిస్ గారు నన్నొక ప్రశ్న అడిగారు. "నువ్వు సినిమాలు చూస్తావా అమ్మాయ్, పాటలు మాత్రమే చూస్తావా?"

అది 1996. అంతకుముందు ఆరేళ్ళు తణుకులో చెరుకు రసం పరీక్షలు చేసి, ఇక్కడ ఉద్యోగం దొరికితే ఒక్కదాన్నే వచ్చాను. డెన్నిస్ గారు ల్యాబ్‌లో అందరికంటే పాతవారు. ఆయన ముత్తాత గోదావరి వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు పోయి చాలా కాలమైంది. ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో 'అమ్మాయ్', 'చాలు', 'తిను' లాంటి మాటలు వేసేవారు. నేను పేరు చివర 'గారు' తగిలిస్తే మురిసిపోయేవారు.

"పాటలూ చూస్తాను. పాటలు లేని సినిమాలు ఇంకా ఎక్కువ చూస్తాను," అన్నాను.

ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నారు. ఆ రోజు మొదలు పదిగంటల టీ మాకు సినిమాల టీ అయిపోయింది. పరీక్షల చీటీల వెనక నాకు పేర్లు రాసిచ్చేవారు, పక్కనే ఒక్కో మాట: 'మొదటి అరగంట ఓర్చుకో.' 'వాన కోసం చూడు.' 'అన్నం తిని చూడకు.' వీడియో టేపులు కూడా ఇచ్చేవారు. కాపీకి కాపీ తీసిన టేపులు కాబట్టి వాటిలో మనుషులు పచ్చగా కనిపించేవాళ్ళు. నేను చూసి తిరిగిచ్చేటప్పుడు పోట్లాడేదాన్ని. ఆయన గొప్పదన్న ఒక సముద్రం సినిమా నాకు నిద్ర తెప్పించింది. నాకు ప్రాణమైన ఒక మలయాళ సినిమా ఆయనకి మేకల డాక్యుమెంటరీలా అనిపించింది. ఇద్దరం రెండు రోజులు ముభావంగా ఉండి మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

ఒక శుక్రవారం ఆయన గొంతు తగ్గించి అన్నారు. "అన్నిటికన్నా పెద్ద సినిమా ఒకటుంది. 'ఎవరూ దిగని రేవు.' తూర్పు యూరప్‌ది. నువ్వు విని ఉండవు."

నా చేతిలో కప్పు ఆగిపోయింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు యూనివర్సిటీ ఫిల్మ్ క్లబ్‌లో ఆ సినిమా ఒకే ఒక్కసారి చూశాను. ఆ తర్వాత పన్నెండేళ్ళలో దాని పేరు ఇంకొకరి నోట వినలేదు. అయినా చూశానని చెప్పలేదు. ఆయన చెబుతుంటే వినాలనిపించింది.

"చెప్పండి," అన్నాను.

ఒక ముసలి పడవవాడు నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళని ఏరు దాటిస్తుంటాడు. ప్రభుత్వం అక్కడ వంతెన కట్టడం మొదలుపెడుతుంది. అతని కూతురు ఆ వంతెన మీదే కూలికి చేరుతుంది. ఇంట్లో తండ్రీ కూతుళ్ళకి మాటలుండవు. డెన్నిస్ గారు గాజు కడ్డీని తెడ్డులా పట్టుకుని కథంతా నడిపించారు. "ఆ సూపు తాగే సీను ఉంది చూడు. మూడు నిమిషాలు. ఒక్క మాట లేదు. చెంచాల చప్పుడు తప్ప..."

"చివరికి రెండు చెంచాల చప్పుడూ ఒకేసారి వినిపిస్తుంది," అన్నాను.

ఆయన కడ్డీ బల్ల మీద పెట్టేశారు. "నువ్వు చూసె? ఎక్కడ చూసె?" ఆ కంగారులో ఆయన నోట వాళ్ళ నాయనమ్మ తెలుగు వచ్చేసింది.

ఇక ఇద్దరం ఒకరి మాట ఒకరు విననంతగా మాట్లాడాం. సిమెంటు బస్తాల మీద కూతురు నిద్రపోవడం, వంతెన కింద పిల్లల ఈత, రేవులో పడవ కోసం కాచుకునే కుక్క. కుక్క సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

"ఇంక చివర్లో, ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని వంతెన మీద అవతలి గట్టుకి నడిచి వెళ్ళడం..." అన్నారాయన.

"అది అలా కాదు కదా," అనేశాను.

ఆయన ముఖంలో వెలుగు తగ్గింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"నేను మూడో రీలు చూడలేదు," అన్నారు.

1978లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, డర్బన్ దగ్గర అవోకాలో, సిడ్నీ అనే స్నేహితుడి గ్యారేజీలో వేశారట ఆ సినిమా. ప్రొజెక్టర్ సిడ్నీది. రీళ్ళు ఎవరో విదేశం నుంచి సెన్సార్ కళ్ళు కప్పి తెచ్చారు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఇరవై మంది కూర్చున్నారు. రెండో రీలు అయి మూడోది ఎక్కిస్తుండగా పోలీసులు వచ్చారు. రీళ్ళు, ప్రొజెక్టర్ పట్టుకుపోయారు. సిడ్నీని నాలుగు రోజులు ఉంచుకుని వదిలారు.

"మర్నాడు అందరూ అడగడమే, తర్వాత ఏమైందని. చూడలేదని చెప్పడానికి మనసొప్పలేదు. పోలీసులు సినిమా అయ్యాకే వచ్చారని, ముగింపు నాకు తోచింది చెప్పాను. మా ఆవిడ మేవిస్‌కీ అదే చెప్పాను. అది మా పాస్టర్‌కి చెప్పింది. ఆయన ప్రసంగంలో వాడుకున్నాడు. ఇప్పుడు మా చర్చిలో సగం మందికి ఆ తండ్రీ కూతుళ్ళు తెలుసు."

"అసలు ముగింపు చెప్పమంటారా?"

ఆయన లేచి నాలుగడుగులు వేసి తిరిగొచ్చారు. "వద్దు. ఎప్పటికైనా చూస్తాను. మేవిస్‌కి మాత్రం చెప్పకు."

చూసే యోగం ఆ చలికాలంలోనే వచ్చింది. డెన్నిస్ గారు పేపర్లోంచి చింపిన ముక్క ఒకటి పట్టుకుని, షిఫ్టు కాకపోయినా ల్యాబ్‌కి వచ్చేశారు. డర్బన్‌లో ఫిల్మ్ ఫెస్టివల్. రెండేళ్ళ కిందటి ఎన్నికలతో తెల్లవాళ్ళ పాలన పోయాక, అప్పటిదాకా ఇక్కడివాళ్ళు పేర్లు మాత్రమే చదువుకున్న సినిమాలు ఒకటొకటిగా రావడం మొదలైంది. ఆ వరసలో మా సినిమా, శనివారం మూడు గంటలకి, ఒకే ఒక్క ఆట. నేను అదే పేరేనా అని మూడుసార్లు చదివాను.

"మేవిస్ ఆంటీకి ఇప్పుడైనా చెప్పాలి," అన్నాను.

చెప్పారు. నేను అప్పుడు వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. ఆవిడ రొట్టెల పిండి కలుపుతూ అంతా విన్నారు.

"పద్దెనిమిదేళ్ళు?" అన్నారు నెమ్మదిగా. తర్వాత తెలుగులో, "నీ నోట్లో మన్ను." తిట్టడానికి ఆవిడకి తెలుగు మిగిలే ఉంది. పిండి చేతులతోనే కుర్చీలో కూర్చుండిపోయారు. "ఆ కథ మా అమ్మ చనిపోయే ముందు ఆమెకి చెప్పాను."

 ఆవిడ బాప్తిస్మం తీసుకున్నాక పదిహేనేళ్ళుగా సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. చేతులు కడుక్కుని అన్నారు. "నేనూ వస్తున్నాను. నువ్వు ఎంత దూరం అబద్ధమాడావో నా కళ్ళతో చూస్తాను."

శనివారం కోంబీ వ్యానులో బయల్దేరాం. దారిలో అవోకాలో సిడ్నీ గారిని ఎక్కించుకున్నాం. తెల్లటి మీసం, ఇస్త్రీ కోటు, చేతిలో సమోసాల డబ్బా. ఎక్కుతూనే ఆయన, "గ్యారేజీలో వేసే ముందురోజే నేను మూడో రీలు వెలుతురుకి పెట్టి చూశాను. పడవ ఉంది," అన్నారు.

"ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నారు డెన్నిస్ గారు.

"నువ్వు అడగలేదు. నీ ముగింపు నువ్వే చెప్పుకుంటున్నావు కదా."

ఉమ్గెని నది దాటేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. మేవిస్ ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

హాల్లో అన్ని రంగుల మనుషులూ ఒకే వరసలో కూర్చున్నారు. నా పక్కన మేవిస్ ఆంటీ, ఆవిడ పక్కన డెన్నిస్ గారు. సూపు సీను వచ్చినప్పుడు ఆయన ముందుకు వంగి నా వైపు చూశారు. రెండో రీలు చివర, ముసలాయన పడవ తాడు విప్పే చోట, ఆయన చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి.  ముగింపు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకు గుర్తున్నది ఇది: వంతెన మీద బ్యాండు మేళం, జెండాలు. కింద ఖాళీ పడవ కొట్టుకుపోతుంది. ముసలాయన ఇక లేడు. విశాఖలో నన్ను ఏడిపించింది అదే.

వంతెన మీద మేళం మొదలైంది. జనంలో కూతురు తండ్రి కోసం వెతుకుతోంది. వంతెన కిందినుంచి పడవ ముక్కు బయటికి వచ్చింది. పడవలో ఎవరూ లేరు. నా కళ్ళు నిండాయి. అయితే ఈసారి తుడుచుకుని చూశాను. కెమెరా కదల్లేదు, పడవ దగ్గరికి వస్తూనే ఉంది. అప్పుడు కనిపించాడు, పడవ అడుగున వెల్లకిలా పడుకుని. వంతెన నీడ అతని ముఖం మీదుగా జారిపోయింది. ఒక కాలితో రెండో కాలు గోక్కున్నాడు. సినిమా అయిపోయింది.

పన్నెండేళ్ళు నేను చచ్చిపోయాడనుకున్న మనిషి బతికే ఉన్నాడు.

బయట మెట్ల మీద నలుగురం ఒకేసారి మాట్లాడాం. నేను కూడా తప్పు చూశానని చెప్పగానే సిడ్నీ గారు నవ్వు ఆపుకోలేక సమోసాల డబ్బా కింద పెట్టేశారు. ముసలి పడవవాడు ఓడిపోయాడన్నారు ఆయన. ఓడిపోయినవాడు కాలు గోక్కోడన్నాను నేను. నీడ వెళ్ళిపోయాక కళ్ళు తెరిచాడా లేదా అని పక్కనున్న ఎవరో జూలూ దంపతులు కూడా వచ్చి చేరారు. ఆమె తెరిచాడంది, ఆయన లేదన్నాడు.

డెన్నిస్ గారు చెమ్మగిల్లిన కళ్ళతో మేవిస్ ఆంటీ వైపు తిరిగారు. "నాదానికన్నా చాలా బాగుంది. చాలా బాగుంది."

ఆవిడ హ్యాండ్‌బ్యాగు సర్దుకున్నారు. "లేదు. నీదే బాగుంది. నీ దాంట్లో ఆ పిల్ల ఒక్కతే వంతెన మీద నిలబడిపోలేదు." తర్వాత, "నువ్వు చెప్పనిది ఆ కుక్క సంగతి. కుక్క ఉందని నాకెందుకు చెప్పలేదు?"

 ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.

తిరుగు దారంతా కుక్క గురించే. టోంగాట్ చేరేసరికి ఎవరెవరు ఏ సినిమా తేవాలో తేలిపోయింది. చర్చిలో ఆదివారం బడి గదిని సినిమాల కోసం శనివారం మధ్యాహ్నాలు ఇమ్మని పాస్టర్‌ని ఒప్పించింది మేవిస్ ఆంటీయే. మొదటివారం పదకొండు మంది వచ్చారు. రెండోవారం నా మలయాళ సినిమా వేశాం. అది సిడ్నీ గారికి అస్సలు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికి ఆయనకి గంటన్నర పట్టింది. ఒక్కరూ లేచి వెళ్ళలేదు.