చూడటానికి మాత్రమే

మా అత్తింటివాళ్లకు ఏ కార్డు చేతికిచ్చినా ముహూర్తం చూడరు, వేదిక చూడరు. తమ పేరు ఎక్కడుందో వెతుక్కుంటారు. దొరికితే కార్డు బాగున్నట్టు. దొరక్కపోతే ఆ పెళ్లికి పోరు, పోయినా అన్నం బాగాలేదని చెప్పి వస్తారు. ఇదంతా తెలిసి కూడా మా అత్తమ్మ రిటైర్మెంట్ ఫంక్షన్ కార్డు నేనే చేస్తానని ఒప్పుకున్నాను. నా ఖర్మ!

అత్తమ్మ పేరు శ్యామలమ్మ. సీతాఫల్‌మండిలో ఒక ఆడపిల్లల బడిలో ముప్పై మూడేళ్లుగా క్లర్కు. వేలమంది పిల్లల పేర్లు టీసీల మీద ఒక్క తప్పు లేకుండా రాసింది. ఆవిడ పేరు మాత్రం ఇంతవరకు ఏ కార్డు మీదా పడలేదు. కొడుకు పెళ్లికి, కూతురు పెళ్లికి, గృహప్రవేశానికి, అన్నిటికీ 'శ్రీమతి & శ్రీ బిక్షం' అనే వేశారు. ఆ శ్రీమతి ఎవరో చదివేవాళ్లు ఊహించుకోవాలి.

"నాకు శాలువాలు గిట్ల ఏమొద్దు లతా. కార్డు మీద నా పేరు పెద్దగ వెయ్యి. గంతే సాలు," అంది.

వేశాను. పైన మధ్యలో, ఎర్రటి అక్షరాల్లో, 'శ్యామలమ్మ గారి పదవీ విరమణ' అని.

గృహప్రవేశమప్పుడు కార్డును వాట్సాప్‌లో పెడితే తలా ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని, తేదీ మార్చక ముందుదీ మార్చిన తర్వాతదీ కలిపి ఊరంతా పంచారు. సగం మంది ఒకరోజు ముందే సైనిక్‌పురి దాకా వచ్చి, తాళం చూసి, తిట్టుకుంటూ వెళ్లారు. అందుకని ఈసారి ఫైలు క్లౌడ్‌లో పెట్టి, లింకు మాత్రం ఇచ్చాను. చుట్టాలెవరి ఫోన్లోకీ దిగదు. తెరిస్తే ప్రివ్యూ కనిపిస్తుంది, అంతే. ఇక్కడ దిద్దితే అందరికీ దిద్దిందే కనిపిస్తుంది. దిద్దే వీలు నాకూ, మా ఆయన విజయేందర్‌కూ మాత్రమే ఉంది. అబ్బో, ఎంత తెలివో నాది!

మొదటి ఫోన్ ఆడపడుచు భర్త వేణుమాధవ్ నుంచి.

"ఏందమ్మా, నా పేరే లేదు? ఇంటల్లుడికి గింతేనా ఇజ్జత్?"

"రెండో పేజీల ఉన్నది అన్నయ్యా. మీరు మొదటి పేజే చూస్తున్నరు. జెర పైకి జరపుండ్రి."

"రెండో పేజీల ఎందుకున్నది మరి?"

ఆయన్ని మొదటి పేజీకి తెచ్చాను. భర్త వచ్చాక ఊర్మిళ వదిన ఊరుకుంటుందా? ఆవిడ వచ్చింది, వెంట పిల్లలూ వచ్చారు. మామయ్య తమ్ముడు తన పేరు పక్కన బీకాం అని వేయమన్నాడు, రిటైరయ్యేది తనే అన్నట్టు. అందరూ రోజుకు నాలుగుసార్లు ప్రివ్యూ తెరవడం, తమ పేరు చూసుకోవడం, మూసేయడం. ఫంక్షన్ ఏ రోజని మాత్రం మళ్లీ నన్నే అడిగేవారు.

అత్తమ్మ రోజూ బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ఒకటే అడిగేది. "నా పేరున్నదా లతా?"

"ఉన్నది అత్తమ్మా."

ఆవిడను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

చిలకలగూడ ప్రెస్సు సామ్యూల్ గారు ఫోన్ చేసి, "ఫైనలేనా మేడమ్? డౌన్‌లోడ్ చేసుకొని ఒక్కసారి మొత్తం చదువుండ్రి," అన్నాడు. నేను బస్సులో నిలబడి ఉన్నాను. "డౌన్‌లోడ్ ఎందుకండీ, ప్రివ్యూ చాలు," అని తెరిచాను. కార్డు అగ్గిపెట్టెంత కనిపించింది. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. సరిగ్గానే ఉంది. వేసేయమన్నాను.

రెండు వందల కార్డులు వచ్చాయి. అత్తమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కట్ట విప్పింది. ఒకటి తీసి చదివింది. మళ్లీ చదివింది. నా చేతికిచ్చింది.

'శ్రీమతి & శ్రీ బిక్షం గారి పదవీ విరమణ.' మామయ్య రిటైరై ఎనిమిదేళ్లయింది. పాపం, మళ్లీ రిటైరవుతున్నాడు.

"ఎవరు మార్చిండ్రు దీన్ని?" అని అరిచాను.

మా ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నేనే. బాపు ఉండంగ అమ్మ పేరు ఒక్కటే వేస్తే మంచిగుండదని బాబాయి అన్నడు. పరేషాన్ ఎందుకు? నువ్వు చూసే కదా ఓకే అన్నవు."

"చూసినవా లతా?" అని అడిగింది అత్తమ్మ, మెల్లగా.

చూశాను. బస్సులో రెండు వేళ్లతో పెద్దది చేసి మరీ చూశాను. కార్డు అడుగున 'రూపకల్పన: కల్పలత' అన్న వరుస. అది సరిగ్గానే ఉంది. ఇంటిల్లిపాదినీ వెక్కిరించిన నేనూ నా పేరే వెతుక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అత్తమ్మ లోపలికెళ్లి తను టీసీలు రాసే పెన్నులు రెండు తెచ్చింది. టీవీ కట్టేసి, ఒకటి కొడుక్కి, ఒకటి నాకు ఇచ్చింది.

"తలా నూరు. బాపు పేరు అట్లనే ఉండనియ్యుండ్రి. దానికి పైన నా పేరు రాయుండ్రి."

షురూ చేశాం. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పక్కనే కూర్చుని, టీసీలు చూసినట్టే ఒక్కో కార్డూ దగ్గరగా పట్టుకుని చూసింది. ఏడో కార్డు కొడుకు ముందుకు విసిరింది.

"చిన్నగ రాసినవ్. మల్ల రాయి."