పోటు

పొద్దున్నే టీ తాగి రాముడు అరుగు మీద కూర్చున్నాడంటే చాలు, పేటలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నీటి సంగతి అడిగి పోతుంటారు. యానాం అవతల, గౌతమి సముద్రంలో కలిసే చోట నలభై ఇళ్ల పేట అది. "పోటెంతవరకు వచ్చింది?" అంటే రాముడు లుంగీ మీద నుంచే కుడి గజ్జల్లో చెయ్యి పెట్టి చూసుకుంటాడు. "సగం ఎక్కింది. ఇంకో గంటకి నిండుద్ది" అంటాడు. దాన్ని బట్టి వాళ్లు బోట్లు సర్దుకుంటారు.

ఆరేళ్ల కిందట ఇసకలో కూరుకున్న బోటు లాగుతుంటే అతనికి గజ్జల్లోకి పేగు జారి గిలక దిగింది. సముద్రం పోటెక్కితే అదీ ఉబ్బుతుంది, నీరు దిగితే అదీ లోపలికి పోతుంది. మామూలు రోజుల్లో నిమ్మకాయంత, పౌర్ణమికీ అమావాస్యకీ వెలక్కాయంత. ఫోన్లలో టైములు చూపించే యాప్‌లు వచ్చాయి గానీ, వాటి మొహం, మా పాయ సంగతి వాటికేం తెలుసని పేటలో ఎవరూ వాటిని లెక్కచెయ్యలేదు.

అప్పట్నుంచి రాముడు వేట మానేశాడు. భార్య సత్యకుమారి యానాం మార్కెట్లో చేపలమ్మి ఇల్లు నడుపుతోంది. అతనికి ఏదీ పట్టడం మానేసింది. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా అలాగే తినేవాడు. బాధా లేదు, సంతోషమూ లేదు. మనిషి ఉన్నాడంటే ఉన్నాడు, అంతే.

ఈ ఏడు వెలక్కాయ కాస్తా కొబ్బరికాయ దారి పట్టేసరికి సత్యకుమారి పట్టుబట్టి అతన్ని కాకినాడ తీసుకెళ్లింది. డాక్టరు ఉషారాణి అతన్ని పడుకోబెట్టి, వేళ్లతో నొక్కి, గోడ గడియారం వంక చూసింది.

"ఇప్పుడు నీరు దిగుతున్నట్టుంది కదండీ?"

"అవునండి. పదకొండుకి అడుగంటుద్ది."

"అందుకే సులువుగా లోపలికి పోతోంది. ఆపరేషన్ కూడా దిగే టైముకే పెట్టుకుందాం." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోసి, కండ దగ్గరకి లాగి కుట్టెయ్యొచ్చు, కానీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. కుట్టి, దానిమీద మెష్ వేస్తే గట్టిగా ఉంటుంది. వల అనుకోండి. నడుం కిందకి మత్తిస్తే చాలు, మెలకువగానే ఉంటారు. లేదంటే చిన్న చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో చూస్తూ అదే వల లోపల్నుంచి వేస్తాం. తొందరగా లేచి తిరుగుతారు, కాకపోతే ఒళ్లంతా మత్తివ్వాలి."

వల అనేసరికి రాముడు తలెత్తాడు. ఆవిడ చూపించిన తెల్లటి ముక్కని వెలుతురుకి పట్టుకుని, "కన్ను మరీ సన్నమండి. ఇలాంటి వలకి గవర్నమెంటోళ్లు ఒప్పుకోరు" అన్నాడు. "మళ్లీ ఎప్పుడు తీస్తారండి?"

"తియ్యం. చుట్టూ కండ పెరిగి అందులో కలిసిపోతుంది."

రాముడు ముక్కని బల్లమీద పెట్టేశాడు. నీళ్లలో వేసిన వలని తియ్యకుండా వదిలేసేది తిరిగిరాని మనిషే. ఆ మాట డాక్టరుకి చెప్పలేదు గానీ సత్యకుమారికి అర్థమైంది. "ఏదీ చేయించుకోకపోతేనండి?" అని ఆమే అడిగింది.

"ఏదో ఒకరోజు బయటికొచ్చింది లోపలికి పోకుండా బిగుసుకుపోతుంది. పేగుకి రక్తం ఆగితే గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. గట్టిపడిందంటే వెంటనే రావాలి. ఏది చేద్దాం రాముడు గారూ?"

"మీ ఇష్టమండి."

"పొట్ట మీది కదండీ."

రాముడు లుంగీ సర్దుకుని లేచాడు.

ఆ సాయంత్రమే బోటు యజమాని దుర్గాసాయి ఇంటికొచ్చి, "కుట్టించేసుకుంటే మా సంగతేంటి బాబాయ్? బెల్టు దొరుకుద్దంట కదా, అది పెట్టుకో" అన్నాడు. రాముడు సరేనన్నాడు. కత్తి పీట ముందు కూర్చున్న సత్యకుమారి చేపని పక్కన పడేసింది.

"పేటంతటికీ నీ గిలక కావాలి మావా. నాకు నువ్వు కావాలి" అంది. రాముడు దానికీ సరేనన్నాడు.

అమావాస్య నాడు చేపలమ్ముకుని పన్నెండింటికి తిరిగొచ్చిన సత్యకుమారికి పాయ ఇంకా గట్టుదాకా నిండుగా కనిపించింది. తొమ్మిదింటికి నిండిన నీరు ఈపాటికి బురద తేలేదాకా దిగాలి. బోట్ల నీడన మగవాళ్లు పేకాడుతున్నారు.

"ఇంకా కదల్లేదేంటి?"

"బాబాయ్‌కి దిగలేదంట పిన్నీ. అది దిగితే ఇదీ దిగుద్ది" అన్నాడు దుర్గాసాయి, ముక్క వేస్తూ.

సత్యకుమారి గంప అక్కడే వదిలేసి పరిగెత్తింది. రాముడు మోకాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాప చెమటతో తడిసి ఉంది. చెయ్యేసి చూస్తే గిలక రాయిలా తగిలింది.

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్నించి."

"చెప్పొచ్చు కదా."

"ఏం చెప్పను" అన్నాడు.

ఆ నీరే గనక ఎప్పట్లా దిగిపోయి ఉంటే ఆమె వంటయ్యాక గానీ అతని దగ్గరకి వచ్చేది కాదు. అది తలుచుకుంటూ వ్యానులో కాకినాడ దాకా ఆమె అతని తల ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ఉషారాణి కాగితాలు పట్టుకుని, రాముణ్ణి తోసుకెళ్తున్న స్ట్రెచర్ పక్కనే నడిచింది. "ఇప్పుడు కెమెరాతో కుదరదు, కొయ్యాల్సిందే. పేగు బాగుంటే వల వెయ్యమంటారా, కుట్లతో వదిలెయ్యమంటారా?"

సత్యకుమారి జవాబు చెప్పబోయి నోరు నొక్కుకుంది. రాముడు ఆమె వంక చూశాడు. మోచేతికి ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి.

"వెయ్యండమ్మా" అన్నాడు. "ఇంటికెళ్లాలి."

రెండున్నరకి దుర్గాసాయి ఫోన్ చేశాడు. నీరు ఒక్కసారే లాగేసిందట, బోట్లన్నీ వెళ్లిపోయాయట. కాసేపటికి నర్సు బయటికొచ్చి, పేగు బాగానే ఉందని చెప్పింది.

చీకటి పడుతుండగా మత్తు దిగి రాముడు కదిలాడు. "సత్యా, పోటు."

ఆమె అలవాటుకొద్దీ ఫోన్లో టైము చూసింది. "తొమ్మిదింటికి గానీ నిండదు మావా, పడుకో."

"సముద్రానిది కాదే, నాది. కుట్ల దగ్గర పోటు పెడతంది. ఓర్చుకోలేకపోతన్నా."

ఫలానా చోట నొప్పిగా ఉందని అతను నోరు తెరిచి చెప్పడం ఆరేళ్లలో అదే మొదలు. నర్సుని పిలవడానికి గబగబా లేచిన సత్యకుమారి, గుమ్మం దాకా వెళ్లి అక్కడే నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ముందు కాసేపు ఏడ్చింది.