రెండో సంతకం

"నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటావు. నీ అంత హాయైన ఉద్యోగం ఇంకెవరికుంది?" అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆ మాటలో వెటకారం లేదు, అందుకే నాకు ఇంకా మండింది. నేను నిజంగా హాయిగా ఉన్నానని ఆయన నమ్మకం. ఆయన వచ్చేసరికి అత్తయ్య టీ, ఆవిడ మోకాళ్ళకు కాపడం, పిల్ల హోంవర్కు, ఆరిన బట్టలు, వంట, అన్నీ అయిపోయి ఉంటాయి. అయిపోయిన పని ఎవరి కంటికీ ఆనదు. "మా కోడలు పెద్ద డాక్టరే గానీ ఇల్లు మాత్రం ఏనాడూ వదల్లేదు" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అది మెచ్చుకోలనుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ మంటతోనే ఆస్పత్రికి బయల్దేరాను.

ఎక్స్‌రేలు చదవడం నా పని. ఎవరింట్లోనైనా క్షయ ఉందని తేలితే, ఆ ఇంట్లోని అయిదేళ్ళలోపు పిల్లల ఛాతీ ఫిల్ములు మా దగ్గరికి వస్తాయి. పసివాళ్ళలో ఈ జబ్బును పట్టుకోవడం కష్టం, ఒక్కోసారి దగ్గు కూడా ఉండదు. అందుకని ప్రతి ఫిల్మునూ ఇద్దరు డాక్టర్లు, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా, విడివిడిగా చదవాలని నియమం. ఇద్దరి మాటా కలవకపోతే మూడో డాక్టరు తేలుస్తారు. మొదటి సంతకం మా విభాగం పెద్దాయనది, రెండోది నాది.

చేరిన కొత్తలో నాలుగింటికే వెళ్ళనివ్వమని అడిగింది నేనే. పెద్దాయన కాదనలేదు. "నేను చూసేశానమ్మా, నువ్వూ అదే రాసెయ్. ఇంటికెళ్ళాలిగా" అనేవారు, సొంత కూతురితో అన్నట్టు. నేను గంగిరెద్దులా తల ఊపి, ఆయన కాగితం చూసి నా కాగితం నింపి, బస్సు కోసం పరుగెత్తేదాన్ని. అలా పదకొండు నెలలు. ఒక్క ఫిల్ము దగ్గరా మా ఇద్దరికీ మాట తేడా రాలేదని మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. అందరితోపాటు నేనూ కొట్టాను.

ఈ రోజు మూడు దాటాక ఒక పాప ఫిల్ము వచ్చింది. ఏడాదిన్నర వయసు, తండ్రికి క్షయ. రెండు నెలల కిందట ఇదే పాపకు ఇద్దరం నార్మల్ అని రాశాం. జబ్బు లేదన్నాం కాబట్టి, జబ్బు రాకుండా వేసే మందొక్కటే ఇచ్చి పంపారు. జబ్బే ఉంటే ఆ మందు ఏ మూలకూ చాలదు. పిల్ల బరువు తగ్గుతోందని తల్లి మళ్ళీ తీసుకొచ్చింది. పెద్దాయన కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. "మునుపటిలాగే నార్మల్. ఏడుస్తుండగా తీసిన ఫిల్ము" అని రాసి ఉంది.

ఏడుస్తూ ఊపిరి వదిలినప్పుడు తీస్తే పిల్లల ఊపిరితిత్తులు తెల్లగా పడే మాట నిజమే. కానీ గుండె నీడకు కుడిపక్క అంచు నాకు నచ్చలేదు. పక్కనుంచి తీసిన ఫిల్ము కోసం వెతికితే ఇప్పటిదీ లేదు, అప్పటిదీ లేదు. ముందునుంచి చూస్తే గుండె నీడలో కలిసిపోయే, క్షయతో ఉబ్బిన లింఫు గడ్డలు పక్కనుంచి తీస్తే బయటపడతాయి. ఇదే సంగతి పరీక్షలో రాసి నేను మెడల్ తెచ్చుకున్నాను. టెక్నీషియన్‌ను పిలిచి అడిగితే తల గోక్కుని, "అది ఎవరూ అడగట్లేదు కదా మేడం" అన్నాడు. అడగాల్సిన మనిషిని నేనే కాబట్టి, ఇప్పుడు పక్కనుంచి తీయమన్నాను.

ఎక్స్‌రే గదికి నేనూ వెళ్ళాను. తల్లి సీసపు ఆప్రాన్ తగిలించుకుని, పాపను పక్కకు తిప్పి, చేతులు రెండూ పైకెత్తి పట్టుకుంది. పాప గుక్కపెట్టింది. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పిల్లలు నిండా గాలి పీల్చుకుంటారు, అప్పుడు తీయమని టెక్నీషియన్‌కు చెప్పాను. ఫిల్ము సరిగ్గా పడింది. పాపను ఎత్తుకుని ఊరుకోబెడుతూ, నాకేసి చూడకుండానే తల్లి అంది.

"నా పాలు మంచివి కావంట డాక్టరమ్మా, అందుకే పిల్ల ఎండిపోతోందంట. మా అత్త రోజూ అదే పాట. మీరు నార్మల్ అని రాశారు కదా, ఇక తప్పు నాదే కదా."

రెండు నెలలుగా ఆ ఇంట్లో ఆమెను దోషిని చేసిన కాగితం మీద నా సంతకం ఉంది.

తెర మీద గడ్డలు స్పష్టంగా ఉన్నాయి, శ్వాసనాళం చుట్టూ గుండ్రంగా. పాత ఫిల్ము తీసి పక్కన పెట్టాను. ఆ అంచు అప్పుడే ఉబ్బి ఉంది. ఒక్క నిమిషం చూసి ఉంటే అనుమానం వచ్చేది, పక్కనుంచి ఇంకోటి తీయించేదాన్ని. ముందు పిల్లల డాక్టరుకు ఫోన్ చేశాను. పాపను ఇవాళే చేర్చుకుంటామన్నారు.

పెద్దాయన తలుపు దగ్గర ఆగి తెర మీది ఫిల్మునూ, గడియారాన్నీ చూశారు. "నాలుగు దాటింది, ఇంకా వెళ్ళలేదేమ్మా? తేడాగా రాస్తే మూడో ఆయన దాకా పోతుంది. పాతవన్నీ తవ్వుతారు. ఎందుకొచ్చిన తలనొప్పి నీకు?"

"తవ్వాలి సార్. పదకొండు నెలల ఫిల్ములూ మళ్ళీ చదువుతాను, తెప్పించండి" అన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

మా ఆయనకు ఫోన్ చేసి, ఇక రోజూ ఆరున్నర దాటాకే వస్తానని చెప్పాను. మరి అమ్మకు టీ ఎవరు పెడతారని అడిగారు. "మీరు పెట్టండి. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి" అని పెట్టేశాను.

తల్లిని లోపలికి పిలిచి తెర చూపించాను. ఇదీ జబ్బు, తండ్రి దగ్గు నుంచి అంటింది, మందులతో తగ్గుతుంది, నీ పాలకూ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఆమె తెర మీది గడ్డల మీద వేలు పెట్టి చూసుకుంది.

"కాగితం మీద రాసివ్వండి డాక్టరమ్మా. నోటిమాటైతే మా ఇంట్లో నమ్మరు."

రాశాను. జబ్బు పేరు, గడ్డలున్న చోటు, తల్లి పాలది తప్పు కాదన్న ముక్క, అన్నీ రాశాను. కలం అక్కడితో ఆగలేదు. ఆ కింద ఇంకో రెండు వాక్యాలు రాసి, దాని నకలు పెద్దాయనకూ మూడో డాక్టరుకూ పంపాను.

"రెండు నెలల కిందటి రిపోర్టు మీద రెండో సంతకం నాది. ఆ ఫిల్ము నేను చూడలేదు."