ఐదు గొంతులు, ఒకే వాక్యం

ఐదుగురు సైనికులను విడివిడిగా కూర్చోబెట్టి రికార్డు చేస్తే, ఐదుగురూ పొల్లు పోకుండా ఒకే వాక్యం అప్పజెప్పారని తెలిసేసరికి చరిత్రకారుడు టేపులన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టి విన్నాడు.

"డ్రైవరే ఆజ్ఞ మీరి వంతెన మీదికి పోనిచ్చాడు."

పోరు ముగియగానే, ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకోకముందే, అందులో ఉన్న ప్రతివాడినీ ఒంటరిగా పిలిచి చెప్పించుకోవడం సైన్యంలో అతని ఉద్యోగం. 'కథల మాస్టారు' అని ఆటపట్టించేవాళ్లు. నిజంగా చూసినవాళ్లు ఒక్కలా చెప్పరు. ఒకడికి పొగ గుర్తుంటుంది, ఇంకొకడికి బూటులో రాయి.

వంతెన పేలింది, డ్రైవర్ పోయాడు. ఈ వాక్యం చరిత్రకెక్కితే తప్పంతా చచ్చినవాడి నెత్తినే.

ఐదుగురిలో ఒకడైన మెకానిక్, డ్రైవర్‌కి స్వయానా బావమరిది. అతన్ని మళ్లీ గుడారంలోకి పిలిచాడు.

"మీ బావ అంత మొండివాడా?"

"మా బావా? హారన్ కొట్టడానికి కూడా పర్మిషన్ అడిగే రకం సార్! కొత్తపెళ్లికూతురని ఏడిపించేవాళ్లం."

"మరి అలా ఎందుకు చెప్పావు?"

"చెప్పించారు. టేపులో మాత్రం మాట మార్చలేను, మిగతావాళ్లు నన్ను బతకనివ్వరు. మా అక్కకి మొహమెలా చూపించను? మీరే ఏదో ఒకటి చెయ్యండి సార్."

గుడారం తెర తొలగింది. కెప్టెన్. మెకానిక్ గబుక్కున లేచాడు. సెల్యూట్ కొట్టి బయటికి జారుకున్నాడు.

కెప్టెన్ కుర్చీ లాక్కున్నాడు. "మాస్టారూ, చెప్పినవాడు మూసి ఉంచమంటే, వాడు బతికున్నంతకాలం ఆ టేపు తెరవకూడదు. అందులో మాట మీరు పైకి అనకూడదు. అంతేగా మీ రూలు?"

"అంతే. కానీ ముందు ఆ డ్రైవర్ ఇంటికి వెళ్లి నిజం..."

"మూసి ఉంచమంటున్నాను. మీట నొక్కండి."

చెప్పడానికి వచ్చినవాణ్ని కాదనే అధికారం చరిత్రకారుడికి లేదు. నొక్కాడు.

"వంతెన కింద మందుపాతర ఉండొచ్చని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. చుట్టుదారిలో వెళ్తే పక్క దళం ముందు చేరుతుంది, పేరు వాళ్లకి పోతుంది. అందుకే పొమ్మన్నాను. వాడు బండి ఆపి, వద్దు సార్ అన్నాడు. పిరికివెధవా అని వెనక బండిలో ఉన్నవాళ్లందరి ముందూ తిట్టాను. నేను మాత్రం బండి దిగాను మాస్టారూ. దిగి, పొమ్మన్నాను."