కార్డులో నీళ్లనే ఉంది

నిమ్మచెక్కతో ఇత్తడి గంట అంచు రుద్దుతూ కూర్చుంది గంటమ్మ. ఆవిడ అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఆ రేడియో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం వచ్చే ప్రశ్నల పోటీలో జవాబు ఒప్పయితే గంట కొట్టడం, తప్పయితే పక్కనున్న ఎర్రమీట నొక్కడం ఆవిడ పని. గంట ఖంగుమంటుంది. మీట నొక్కితే గాడిద గొంతు చించుకున్నట్టు బర్రుమంటుంది. పెళ్లీ పెటాకులూ లేకుండా, జుట్టు ముగ్గుబుట్టయ్యేదాకా ఆ రెండు చప్పుళ్ల మధ్యే గడిపేసింది మనిషి. కుడిభుజం కిందికి జారింది. చూపుడువేలి కొస చదునైపోయింది.

ఒప్పో తప్పో ఆవిడ ఆలోచించక్కర్లేదు. ఎదురుగా కార్డుంటుంది, కార్డులో ఏముంటే అదే. ఆ కార్డులు రాసిన పెద్దమనిషి ఎప్పుడో కాలం చేశాడు. అవే మళ్లీ మళ్లీ తిప్పుతుంటారు. నిన్న సాయంత్రం ఇవాళ్టి కట్ట సర్దుతుంటే ఒకటి చేతికొచ్చింది. ఒంటె మూపురంలో ఏముంటుంది? కింద, నీళ్లు అని ఉంది. గుండె ఝల్లుమనాలి కదా. అనలేదు. కార్డుని కట్టలో పెట్టి రబ్బరు బిగించింది.

ఆ ప్రశ్న దగ్గరే తమ్ముడు ఓడిపోయాడు. వయసులో ఉండగా, అక్క పనిచేసే చోటే పోటీకొచ్చి, మైకు ముందు ఛాతీ విరుచుకుని "కొవ్వు" అన్నాడు. ఆవిడ కార్డు చూసింది. మీట నొక్కింది. ఇక చూడండి, మర్నాటినుంచి నూలుమిల్లులో "ఏం ఒంటెబాబూ, దాహం తీరిందా?" అని ఒకటే ఎగతాళి. ఆ పేరు మిల్లు మూతపడేదాకా వదల్లేదు. అంతమాత్రాన వాడేదో సర్వజ్ఞుడని కాదు. గబ్బిలం పక్షేనని ఒక వానాకాలమంతా ఇంట్లో అన్నం సహించనివ్వకుండా వాదించిన ఘనుడు. కానీ ఒంటె విషయంలో మాత్రం వాడిదే ఒప్పు. ఆ సంగతి అక్కకీ తెలుసు.

ఇప్పుడు వాడు మంచం దిగలేడు. డాక్టరు గుండె నీరసించిందని చెప్పి, అంతకుమించి ఏమీ చెప్పకుండా చేతులు కడుక్కున్నాడు. పొద్దున మందు తాగిస్తూ ఆవిడ నోరు జారింది.

"ఒరేయ్, ఇవాళ నీ ఒంటె వస్తోందిరా."

"వచ్చిందా ముదనష్టపుది!" నవ్వబోయి దగ్గాడు. "అక్కా, ఎవరో ఒకళ్లు కొవ్వనకపోరు. అన్నారంటే గంట కొట్టు. నేను వింటా."

"నీళ్లంటేనో?"

"ఆ గంటే తీసి నెత్తిన మొత్తు."

"నా ఉద్యోగం ఊడుతుందిరా."

"ఊడనీ. ఇన్నాళ్లూ అందరికీ కొట్టావు. నాకోసం ఒక్కసారి కొట్టలేవా?"

ఆవిడ చెంచా కడిగి బోర్లించి వచ్చేసింది.

పోటీకి ముందు ప్రశ్నలాయన టీ తాగుతుంటే, పక్కన నిలబడి మెల్లిగా కదిపింది. "బాబూ, ఆ ఒంటె కార్డు..."

"కొవ్వే గంటమ్మా, నాకు తెలీదనుకున్నావా? మా చిన్నదాని బళ్లో కూడా అదే చెప్తున్నారు. కానీ ఇవాళ మారిస్తే ఇన్నేళ్లుగా ఓడినవాళ్లంతా వచ్చి మన గుమ్మంలో కూర్చుంటారు. నిజం నిజమే. మనం ఒప్పుకున్న జవాబు మాత్రం కార్డులో ఉన్నదే." గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

ఎర్రదీపం వెలిగింది. నాలుగు ప్రశ్నలయ్యాక ఒంటె వచ్చింది. మైకు ముందు కుట్టుపని చేసుకునే ఒకావిడ కూర్చుని ఉంది. కాస్త ఆలోచించి, "కొవ్వండీ," అంది.

గంటమ్మ చెయ్యి గంట వైపు కదిలింది. పిడి చల్లగా తగిలింది కూడా. తర్వాత ఏమయిందో ఆవిడకే తెలీదు. గది నిండా బర్రుమన్న చప్పుడు. చూసుకుంటే వేలు మీట మీదుంది. ఎవరి వేలో అన్నట్టు చూసింది దాని వంక.

"అదేంటండీ! మావారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయనే చెప్పారు," కుట్టావిడ లేచింది.

"మీవారికి మా నమస్కారాలు తల్లీ. కార్డులో నీళ్లనే ఉంది," అన్నాడు ప్రశ్నలాయన. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. తర్వాతి ప్రశ్న వచ్చింది. గంటమ్మ దానికి గంట కొట్టింది.

ఇంటికి నడుస్తూ తమ్ముడి తిట్లన్నీ ముందే వినేసింది. పిరికిదానా అంటాడు. మొహం గోడకి తిప్పుకుంటాడు. రెండు రోజులు మాట్లాడడు. మూడోరోజు వాడే కాఫీ అడుగుతాడు. తిట్టనీ, తిడితే పోయేదేముంది అనుకుంటూ వీధి మలుపు తిరిగింది.

పక్కింటి కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదినా... మీ తమ్ముడు పోయాడు. రేడియో పెట్టించుకున్నాడు. నడుం లాగుతోందంటే కాపడం పెట్టి, పొయ్యి కట్టేసొద్దామని అటు వెళ్లాను. వచ్చేసరికి మాటాపలుకూ లేదు. మీ ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు."

"ప్రశ్నలు మొదలయ్యాయా అప్పటికి?"

"లేదు వదినా. ఇంకా పాటే వస్తోంది."

గంటమ్మ తలూపింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని, వాడి చెవి దగ్గరికి వంగింది.

"కొట్టానురా," అంది.

"ఏంటి వదినా?"

"ఏం లేదమ్మా."

దుప్పటి సరిచేయబోతే వాడి నడుం పక్కన ఉబ్బెత్తుగా ఏదో తగిలింది. తీసి ఒళ్లో పెట్టుకుంది. కాపడానికి పోసిన వేణ్నీళ్లతో నిండుగా ఉన్న రబ్బరు సంచి, ఇంకా గోరువెచ్చగానే ఉంది.